షిల్షోల్ నుంచి పోర్ట్ టౌన్సెండ్ చెక్క పడవల పండగకు: పాటు చూసుకుని బయల్దేరండి

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: 27 అడుగుల ఫైబర్‌గ్లాస్ తెరచాప పడవ, 14 హార్స్‌పవర్ డీజిల్ ఇంజను, సియాటిల్‌లోని షిల్షోల్ మరీనాలో కట్టి ఉంటుంది. సెప్టెంబరులో పోర్ట్ టౌన్సెండ్ వుడెన్ బోట్ ఫెస్టివల్‌కి మీరు, మీ ఆవిడ, 8, 11 ఏళ్ళ పిల్లలు, ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలు కలిసి వెళ్ళాలి. శుక్రవారం పొద్దున బయల్దేరి మధ్యాహ్నానికి చేరి, పండగ జరిగే రేవులోనే కట్టేయొచ్చా అన్నారు.

సూటిగా చెప్తానండీ. పండగ రేవులో కట్టడం కుదరదు. శుక్రవారం బయల్దేరితే లంగరు వేసే చోట్లు అప్పటికే నిండిపోయి ఉంటాయి. అమ్మానాన్నల్ని ఫెర్రీ మీద, కారులో రప్పించండి. బయల్దేరే గంటను మాత్రం దారిలో వచ్చే అడ్మిరల్టీ ఇన్‌లెట్ అనే సముద్రపు సందులో పాటు, అంటే నీరు బయటికి పోవడం, మొదలయ్యే వేళకే వదిలేయండి. మిగతా ప్లానంతా దాని వెనకే నడవాలి.

మన తీరంలో గంగపుత్రులు వాడే పోటు, పాటు మాటలే వాడుతున్నాను. సముద్రం నీరు లోపలికి ఎక్కితే పోటు, దిగి బయటికి పోతే పాటు. విశాఖ, కాకినాడ వైపు ఈ ఎక్కుదల దిగుదల ఒకటిన్నర మీటరు అటూ ఇటూ ఉంటుంది. పోర్ట్ టౌన్సెండ్ దగ్గర రెండున్నర మీటర్ల పైమాటే. పైగా సియాటిల్ ముందున్న సముద్రపు పాయ ప్యూజెట్ సౌండ్‌లోకి వచ్చే నీరూ, పోయే నీరూ దాదాపు అంతా మూడు మైళ్ళ వెడల్పున్న అడ్మిరల్టీ ఇన్‌లెట్ గొంతులోంచే కదలాలి. అందుకే అక్కడ పాటు 3 నాట్స్ (గంటకి మూడు నాటికల్ మైళ్ళు) వేగం అందుకోవడం మామూలు. పున్నమి, అమావాస్యల దగ్గర 4కి కూడా చేరుతుంది. మీ పడవ ఇంజను మీద హాయిగా పోయేది 5 నాట్స్. ఎదురు నీరు తగిలితే ఏమవుతుందో మీకే అర్థమవుతుంది.

షిల్షోల్ నుంచి పాయింట్ నో పాయింట్ అనే భూమి మూల దాకా సుమారు 15 నాటికల్ మైళ్ళు. అక్కడి నుంచి మారోస్టోన్ పాయింట్ దాకా 13, అది దాటి పోర్ట్ టౌన్సెండ్ ఊరి ముందుకి మరో రెండున్నర, మూడు. మొదటి 15 మైళ్ళలో ప్రవాహం బలహీనం, దాన్ని పెద్దగా లెక్కలోకి తీసుకోనక్కర్లేదు. లెక్కంతా పాయింట్ నో పాయింట్ తర్వాత ఉంటుంది. నోవా (అమెరికా సముద్ర, వాతావరణ సంస్థ) వాళ్ళ ప్రవాహ పట్టికల్లో బుష్ పాయింట్ స్టేషను తెరవండి. పోటు అయిపోయి పాటు మొదలయ్యే ముందు నీరు ఆగే వేళని స్లాక్ అంటారు. ఆ వేళకి మీరు పాయింట్ నో పాయింట్ దగ్గర ఉండాలి.

ఒక ఉదాహరణ. బుష్ పాయింట్ దగ్గర స్లాక్ 11 గంటలకు అనుకోండి. 15 మైళ్ళకి మీకు 3 గంటలు, కాబట్టి 8కి షిల్షోల్ రాళ్ళగట్టు దాటాలి. 11కి పాయింట్ నో పాయింట్. అక్కణ్ణుంచి పాటు నెమ్మదిగా వెనక నుంచి తోస్తుంది. మొదటి రెండు గంటల్లో సగటున ఒకటిన్నర నాట్స్ కలిసొచ్చినా 13 మైళ్ళు రెండు గంటల్లో అయిపోతాయి. 1 గంటకి మారోస్టోన్ పాయింట్, ఒంటిగంటన్నరకి ఊరి ముందు. పాటు ముదిరేది స్లాక్ అయిన మూడు గంటలకి, అంటే 2 గంటలకి. జువాన్ డి ఫుకా జలసంధి నుంచి పడమటి గాలి లేచేదీ సాధారణంగా మధ్యాహ్నం తర్వాతే. ఆ రెండూ కలిసేసరికి మీరు లంగరు వేసి ఉంటారు. అదే ప్రయాణం పోటుకి ఎదురు వెళ్తే? 5లోంచి 2 తీసేస్తే మిగిలేది 3 నాట్స్. రెండు గంటల దారి నాలుగున్నర గంటలవుతుంది, పిల్లలకి ఓపిక చచ్చిపోతుంది.

రోజుకి రెండు పాట్లు వస్తాయి, రెండూ సమానంగా ఉండవు. పట్టికలో గరిష్ఠ వేగం చూడండి. ఒకటి 1.8, రెండోది 3.6 అని ఉంటే, పిల్లలున్న చిన్న పడవకి 1.8దే మంచిది. తోపు తగ్గినా నీరు శాంతంగా ఉంటుంది.

నీరు అశాంతంగా ఎప్పుడుంటుందో కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఈ దారిలో కొత్తవాళ్ళు బెంబేలెత్తేది ఇక్కడే. పాటు వాయవ్యంగా బయటికి పోతుంటుంది, గాలి అటునుంచే లోపలికి వీస్తుంటుంది. రెండూ ఎదురుబొదురైనప్పుడు అలలు పొట్టిగా, నిటారుగా, దగ్గరదగ్గరగా లేస్తాయి. దూరం నుంచి చూస్తే నున్నటి నీటి మీద తెల్లటి గీత గీసినట్టు కనిపిస్తుంది. దగ్గరికొస్తే ఆ గీత మూడు నాలుగు అడుగుల ఎత్తు నీటి మెట్లు. 27 అడుగుల పడవ ఒక మెట్టు ఎక్కి దిగేలోపే ముక్కు రెండోదాంట్లో గుచ్చుకుంటుంది, వేగం సగానికి పడిపోతుంది. పాయింట్ నో పాయింట్, ఫౌల్‌వెదర్ బ్లఫ్, మారోస్టోన్ పాయింట్, పాయింట్ విల్సన్ ఇందుకు పేరుమోసిన చోట్లు. ఫౌల్‌వెదర్ బ్లఫ్ దగ్గర హుడ్ కెనాల్ పాటు, అడ్మిరల్టీ పాటు వచ్చి గుద్దుకుంటాయి. కెప్టెన్ వాంకూవర్ 1792లో దానికి ఆ పేరు ఊరికే పెట్టలేదు. ఆ మూలకి అంటకాగకుండా, ఒక మైలు దూరంగా తిరగండి. పాయింట్ విల్సన్ మీకు తగలదు. ఊరు దానికి లోపలి వైపే ఉంది, సియాటిల్ నుంచి వచ్చేవాళ్ళు దాన్ని చుట్టక్కర్లేదు.

వాతావరణ సూచన చూసేటప్పుడు ఒక పొరపాటు చాలామంది చేస్తారు. ఇంటి దగ్గర కాబట్టి ‘ప్యూజెట్ సౌండ్, హుడ్ కెనాల్’ జోన్ చదివి బయల్దేరతారు. ‘అడ్మిరల్టీ ఇన్‌లెట్’ వేరే జోన్. ఇక్కడ 5 నాట్స్ గాలి ఉన్న రోజే అక్కడ 20 ఉండొచ్చు. పడమర, వాయవ్యం నుంచి 15 దాటి రాసి ఉండి, మీరు పాటులో వెళ్ళాల్సి ఉంటే ఆ పూట ఆగిపోండి. స్మాల్ క్రాఫ్ట్ అడ్వైజరీ, అంటే చిన్న పడవలకిచ్చే హెచ్చరిక, ఉంటే ఇక ఆలోచించే పనే లేదు.

స్లాక్ మధ్యాహ్నం 2కో 3కో పడిందనుకోండి, అప్పుడు ఒక్క రోజులో పూర్తిచేయాలని చూడకండి. పోర్ట్ లడ్లో దాకా వెళ్ళి రాత్రి ఆగండి. షిల్షోల్ నుంచి సుమారు 22 మైళ్ళు. మరీనా ఉంది, లంగరుకి బురద అడుగు బాగా పట్టుకుంటుంది. లోపలికి వెళ్ళే ముందు ఈశాన్యంగా ఉన్న కోల్వోస్ రాక్స్‌ని, పైకి మాట్స్ మాట్స్ దగ్గరి క్లాస్ రాక్‌ని చార్టులో వేలు పెట్టి గుర్తించుకోండి. రెండూ నమ్మకంగా దూరం పెట్టాల్సినవే.

మర్నాడు పొద్దున అక్కణ్ణుంచి ఓక్ బే మీదుగా పోర్ట్ టౌన్సెండ్ కెనాల్ పట్టుకుంటే అడ్మిరల్టీ ఇన్‌లెట్ పని లేకుండానే సుమారు 13 మైళ్ళలో ఊరికి చేరతారు. గాలి ఉన్న రోజున పిల్లలతో నేను సిఫారసు చేసే దారి ఇదే. కెనాల్ మీద కదలని వంతెన ఉంది, పోటు నిండుగా ఉన్నప్పుడు దాని కింద ఖాళీ 58 అడుగులు. మీ తెరచాప స్తంభం, పైన యాంటెన్నాతో కలిపి, 40 అడుగులు దాటదు కనక బెంగ లేదు. సందు మాత్రం ఇరుకు. ప్రవాహం 3 నాట్స్ దాకా పోతుంది. ఎదురెళ్తే మీకు మిగిలేది 2, దారి మధ్యలో వెనక్కి తిప్పుకునే జాగా ఉండదు. కెనాల్‌కి దాని సొంత పట్టిక ఉంది, దాని స్లాక్ బుష్ పాయింట్ స్లాక్‌తో కలవదు. ఆ పట్టికే తీసి, స్లాక్‌కి అటూ ఇటూ గంటలోపు దాటండి. కుడివైపు పట్టుకుని, అల లేపకుండా పోవాలి.

కెనాల్ దాటాక కుడిచేతి వైపు ఇండియన్ ఐలండ్. దాని మీద నౌకాదళం ఆయుధాల డిపో ఉంది. బోయలతో (నీటి మీద తేలే గుర్తులు) గీసిన హద్దులోపలికి పోవద్దు. ఓడ కట్టి ఉంటే 500 గజాల్లోపల కనీస వేగానికి తగ్గాలి, 100 గజాల్లోపలికి అసలు పోకూడదు. ఇది దేశమంతటా ఉన్న చట్టం, కాపలా పడవలు ఊరుకోవు.

పెద్ద ఓడల సంగతి. షిల్షోల్ తూర్పు ఒడ్డున ఉంది, మీరు పోవాల్సింది పడమటి ఒడ్డు వెంట. మధ్యలో ఓడల రహదారి, ఉత్తరానికి ఒక వరస, దక్షిణానికి ఒక వరస. మీలాంటి పడవ ఆ వరసల్లో పోయే ఓడకి అడ్డం రాకూడదు. నిట్టనిలువుగా, లంబకోణంలో, గబగబా దాటేయాలి. ఎడ్మండ్స్ ఊరికి దక్షిణానే ఆ పని ముగించండి. పాయింట్ నో పాయింట్ దగ్గర ఓడలు మలుపు తిరుగుతాయి, అక్కడ ఏ ఓడ ఎటు తిరుగుతుందో చిన్న పడవలోంచి అంచనా వేయడం కష్టం. 18 నాట్స్ మీద వచ్చే కంటైనర్ ఓడ ఆరు మైళ్ళ దూరంలో కనిపించినా 20 నిమిషాల్లో మీ నెత్తి మీద ఉంటుంది. రేడియోలో ఛానల్ 16తో పాటు 14 మీద ఓడల రాకపోకలు చూసే సియాటిల్ ట్రాఫిక్‌ని వింటూ ఉండండి. నాడ్యూల్ పాయింట్, బుష్ పాయింట్ కలిపే గీత దాటాక ఛానల్ 5ఏకి మార్చండి. మీరు వాళ్ళకి చెప్పుకోనక్కర్లేదు, వింటే చాలు. ఎడ్మండ్స్–కింగ్‌స్టన్ ఫెర్రీకీ, ఊరి దగ్గర కూప్‌విల్ ఫెర్రీకీ వెనక నుంచి దారివ్వండి.

సెప్టెంబరు పొద్దుటి పూట పొగమంచు దిగుతుంది. జలసంధి నుంచి దొర్లుకుంటూ వచ్చి అడ్మిరల్టీ ఇన్‌లెట్‌ని నింపేస్తుంది, పదకొండు, పన్నెండింటికి తేలిపోతుంది. రాడార్ లేని పడవ పొగమంచులో ఓడల వరస దాటకూడదు. అప్పటికే దాటేసి ఉంటే కింగ్‌స్టన్‌లో ఆగండి. స్లాక్ తప్పిపోతే ఆ రాత్రి పోర్ట్ లడ్లో, అంతే. నీటి మీద దుంగలకీ కళ్ళు కావాలి. పెద్ద పోటుకి ఒడ్డున పడున్న మొద్దులు తేలి వస్తాయి. కొన్ని నిలువుగా మునిగి తల మాత్రమే కనిపిస్తుంది. చీకటి పడ్డాక ప్రయాణం వద్దనేది అందుకే.

ఇంజను గురించి మీరు అడగలేదు గానీ, ఈ దారిలో తెరచాప పడవల్ని ఇబ్బంది పెట్టేది ఎక్కువగా ఇంధనమే. రేవులో నెలల తరబడి కదలకుండా ఉన్న ట్యాంకు అడుగున బురదలాంటిది పేరుకుంటుంది. ఇన్‌లెట్‌లో పడవ ఎగిరెగిరి పడేసరికి అది లేచి ఫిల్టర్లో అడ్డం పడుతుంది. సరిగ్గా నీరు తిరుగుతున్న చోట ఇంజను ఆగిపోతుంది. అందుకని మొదటి ఫిల్టర్‌వి రెండు, రెండో ఫిల్టర్‌ది ఒకటి, పంపు ఇంపెల్లర్ ఒకటి, బెల్టు ఒకటి దగ్గర ఉంచుకోండి. ఇంట్లో ఉండగానే ఒకసారి మార్చి చూడండి. ట్యాంకు కవాటం మూసి, ఫిల్టర్ విప్పి, కొత్తదాన్ని శుభ్రమైన డీజిల్‌తో నింపి బిగించి, కవాటం తెరవాలి. ఇంజను మీది రెండో ఫిల్టర్ తల మీద గాలి తీసే స్క్రూ ఒకటి ఉంటుంది, దాన్ని ఒక చుట్టు వదులు చేసి, లిఫ్ట్ పంపు మీది చిన్న మీటని వేలితో కొడుతూ ఉండాలి. ముందు నురగ వస్తుంది, తర్వాత బుడగలు, చివరికి బుడగ లేని డీజిల్ ధార. అప్పుడు పంపు కొడుతూనే స్క్రూ బిగించండి. కింద గుడ్డ పరచడం మర్చిపోకండి. ఊగని పడవలో పది నిమిషాల పని. ఊగే పడవలో దాన్ని మొదటిసారి నేర్చుకోకూడదు. ఈ పని చేస్తున్నంతసేపూ మీ ఆవిడ చిన్న తెరచాప మీద పడవని ఒడ్డుకి దూరంగా నడపగలగాలి, కాబట్టి తెరచాప ముందే లేపి ఉంచండి. డీజిల్ ఖర్చు గంటకి అర గాలను అనుకుంటే ఒక వైపుకి మూడున్నర గాలన్లు. రానూపోనూ ఏడు, అదనంగా కనీసం మూడు.

మారోస్టోన్ పాయింట్ దాటి ఊరివైపు తిరిగాక పాటు మిమ్మల్ని పక్క నుంచి పాయింట్ విల్సన్ వైపు లాగుతుంది. ఎత్తు మీద ఎర్ర ఇటుకల కోర్టు భవనం గడియారం బురుజు కనిపిస్తుంది, 1892 నాటిది. దాన్ని దిక్సూచిలో పట్టుకుని, ఆ అంకె మారకుండా పోండి. అంకె మారుతోందంటే పడవ పక్కకి కొట్టుకుపోతున్నట్టు. ముక్కు ఎడమకి, అంటే దక్షిణానికి, ఇంకా తిప్పండి.

ఇక రేవు. పండగ జరిగేది పాయింట్ హడ్సన్‌లో. చిన్న కొలను, సన్నటి ముఖద్వారం, ఆ రోజుల్లో ముందే దరఖాస్తు చేసి ఎంపికైన చెక్క పడవలకే చోటు. ఫైబర్‌గ్లాస్ వాళ్ళకి రెండు దారులు. ఒకటి, ఊరికి నైరుతిగా మైలు దూరంలో ఉన్న బోట్ హేవెన్ మరీనా, అక్కడ చోటు దొరుకుతుందో లేదో ముందే అడిగి తెలుసుకోవాలి. రెండు, ఊరి ముందు లంగరు. గురువారం మధ్యాహ్నంలోపు వస్తే మంచి చోటు దొరుకుతుంది.

ఒడ్డు వెంట తెల్లటి బోయలు వరసగా కనిపిస్తాయి. వాటికి లోపల ఈల్‌గ్రాస్ అనే సముద్రపు గడ్డి పెరుగుతుంది, చేప పిల్లలు దాక్కుని పెరిగే చోటు అది. లంగరు గొలుసు దాన్ని పెళ్ళగించేస్తుంది. చట్టం ఆపకపోయినా బోయలకి బయటే వేయండి. మీ లంగరుకీ గడ్డి మీదకన్నా బురదలోనే పట్టు ఎక్కువ. తాడు లెక్క: తక్కువ నీటప్పుడు లోతు 30 అడుగులు, పోటుకి 8 పెరుగుతుంది, పడవ ముక్కు నీటికి 4 అడుగుల ఎత్తు. మొత్తం 42. దానికి ఐదు రెట్లు, 210 అడుగులు. మీ లాకర్‌లో 150 అడుగుల తాడే ఉంటే బయల్దేరే ముందే మరో 100 కలపండి. ఇంజను వెనక్కి నడిపి లంగరు పట్టిందో లేదో చూసుకోండి, రాత్రి స్తంభం మీద తెల్ల దీపం వెలిగించండి.

ఈ చోటు ఆగ్నేయం నుంచి వచ్చే గాలికి నిండా తెరుచుకుని ఉంటుంది. ఆగ్నేయం 15 అని సూచన వస్తే అక్కడే పంతం పట్టకండి. అఖాతం దక్షిణ చివర పోర్ట్ హాడ్లాక్ ముందుకి వెళ్ళి లంగరు వేసుకోండి. నాలుగైదు మైళ్ళే, గంట పని. పడమటి గాలి అప్పుడు పడవకి ఇబ్బంది లేదు గానీ ఒడ్డుకి పోయివచ్చే చిన్న పడవకి, అంటే డింగీకి, ఉంది. అది ఒడ్డు నుంచి బయటికి వీస్తుంది, డింగీ మోటారు ఆగిందంటే ఇండియన్ ఐలండ్ వైపు కొట్టుకుపోతారు. తెడ్లు, చిన్న లంగరు, టార్చి డింగీలోనే కట్టి ఉంచండి. పిల్లలకి లైఫ్ జాకెట్ విషయంలో వాషింగ్టన్ చట్టం ఇలా ఉంది: 19 అడుగులకన్నా చిన్న పడవ నడుస్తున్నప్పుడు 12 ఏళ్ళు, ఆలోపు పిల్లలు తొడుక్కునే తీరాలి. మీ పెద్ద పడవకి ఆ నిబంధన తగలకపోయినా డింగీకి తగులుతుంది. చట్టం పక్కన పెట్టండి, ఆ నీళ్ళు 10–13 డిగ్రీల సెల్సియస్. పడ్డ క్షణాన ఊపిరి ఎగబీల్చి నీళ్ళు మింగేస్తారు, ఈత వచ్చినా అంతే. పైన ఉన్నంతసేపూ పెద్దలూ పిల్లలూ అందరూ తొడుక్కోండి.

మరుగుదొడ్డి గురించి తప్పక చెప్పాలి. 2018 నుంచి ప్యూజెట్ సౌండ్ మొత్తం మురుగు వదలకూడని ప్రాంతం, శుద్ధి చేసినదైనా సరే. మురుగు ట్యాంకు కవాటాన్ని సముద్రం వైపు తెరుచుకోకుండా ప్లాస్టిక్ పట్టీతో బిగించండి. నలుగురికి మూడు రోజులకి చిన్న ట్యాంకు నిండిపోతుంది, కాబట్టి ఖాళీగా బయల్దేరండి, పగలు ఊళ్ళో వాడుకోండి. దారిలో ఓర్కా తిమింగలాలు కనిపిస్తే 2025 జనవరి నుంచి దక్షిణ స్థానిక ఓర్కాలకి 1000 గజాల దూరం పాటించాలి. ఏ రకమో మీరు తేల్చలేరు, అన్నిటికీ అంతే దూరం ఇచ్చేయండి.

పడవ నడిపేవాళ్ళకి వాషింగ్టన్ రాష్ట్రం ఇచ్చే బోటర్ కార్డు 15 హార్స్‌పవర్, ఆపైన ఇంజన్లకే కావాలి, మీది 14. అయినా ఆ కోర్సు చేయండి, మీ ఆవిడ కూడా చేస్తే మరీ మంచిది.

అమ్మానాన్నలు ఎడ్మండ్స్–కింగ్‌స్టన్ ఫెర్రీ ఎక్కి, హుడ్ కెనాల్ వంతెన దాటి వస్తే కింగ్‌స్టన్ నుంచి సుమారు గంట. ఊళ్ళో కారు పెట్టే చోటు దొరకదు, హైన్స్ ప్లేస్ పార్క్ అండ్ రైడ్‌లో పెట్టి బస్సు ఎక్కాలి. ఊగే డింగీలోంచి పడవలోకి ఎక్కడం మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళకి ప్రమాదం, రాత్రి వాళ్ళకి ఒడ్డు మీదే గది చూడండి. పండగ రోజుల్లో గదులు నెలల ముందే అయిపోతాయి.

తిండికి పులిహోర, పెరుగన్నం ముందే కట్టుకోండి. ఇన్‌లెట్‌లో పొయ్యి వెలిగించే పని పెట్టుకోవద్దు. వాంతులయ్యే పిల్లలకి మాత్ర బయల్దేరకముందే పడాలి, ఎప్పుడు, ఎంత అనేది డాక్టర్ని అడగండి. పడవ ఊగడం మొదలయ్యాక వేస్తే కడుపులో నిలవదు.

పండగలో ఏం చూడాలన్నారు. 1977లో మొదలైన పండగ ఇది, శుక్ర, శని, ఆదివారాలు. 1907 నాటి మార్తా, 1913 నాటి అడ్వెంచరెస్ స్కూనర్లకి (రెండు స్తంభాల తెరచాప ఓడలు) ఇదే సొంత రేవు. పిల్లలు సుత్తి పట్టుకుని చిన్న పడవలు చేసుకునే చోటు ఉంటుంది, దానికే సగం రోజు పెట్టండి. వందేళ్ళ పలకల మధ్య దూది కూరి నీరు చొరకుండా ఎలా మూస్తారో పనివాళ్ళు చేతులతో చేసి చూపిస్తారు. మీ నాన్నగారు కోనసీమ వైపు నాటు పడవలు చూసిన మనిషైతే వాళ్ళతో గంటలు మాట్లాడతారు. ఆదివారం మధ్యాహ్నం పడవలన్నీ రేవు నుంచి బయటికొచ్చి ఊరి ముందు తెరచాపలు ఎత్తి వరసగా సాగుతాయి. ఆ సమయానికి మీ పడవలోనే ఉండండి. లంగరు ఎత్తి ఆ గుంపులోకి దూరొద్దు, మీరున్న చోటే ముందు వరస.

తిరుగు ప్రయాణం సోమవారం పెట్టుకోండి. ఈసారి లెక్క తిరగేయాలి. పాటు అయిపోయే స్లాక్‌కి మారోస్టోన్ పాయింట్ దగ్గర ఉంటే పోటు మిమ్మల్ని పాయింట్ నో పాయింట్ దాకా తోస్తుంది. దక్షిణపు గాలి 15 దాటితే పోటుకి ఎదురై అవే మెట్లు లేస్తాయి, అప్పుడు మళ్ళీ కెనాల్ దారే. బయల్దేరే ముందు బోట్ హేవెన్‌లో మురుగు ట్యాంకు ఖాళీ చేయించుకోండి. పాయింట్ నో పాయింట్ దగ్గర సాల్మన్ పట్టే చిన్న పడవలు ఒడ్డుకి దగ్గరగా గుంపుగా ఉంటాయి, వాటి గాలాల తీగలు వెనక చాలా దూరం సాగి ఉంటాయి, కాబట్టి వాటి వెనక నుంచి తోసుకుపోకుండా బయటి వైపు నుంచి తిరిగి రండి.